జానెడు ఎత్తు

డిండి నీళ్లు ఎనక్కి తగ్గి
ఒండ్రు నెర్రెలిచ్చిన కాడ
రాత్రి ఎనిమిదింటికి లేస్తది మా గుడిసె.
నాలుగు పీవీసీ పైపులు, ఒక ఫ్లెక్సీ.
ఎవరిదో మూడేండ్ల కిందటి పుట్టినరోజు,
మొకం లోపలికి తిప్పి కట్టినం.
రాత్రంత ఆయన మాకు దండం పెట్టుకుంటనే ఉంటడు.

విప్పి చుడితే టీవీఎస్ మీద పట్టేంత మూట.
గాలిని ఆపుతది, మంచును ఆపుతది.
పుష్యమాసంల భూమిలకెళ్లి పైకొచ్చే చలిని మాత్రం
ఏ కప్పు ఆపుతది?
అందుకే కూసునేదాని కోసం గింత లొల్లి.

ముందుగల్ల యూరియా బస్తాల వరిగడ్డి కుక్కిన.
నడిజాముకే తడిసి బర్రె పండుకున్న జాగ వాసనొచ్చింది.
పెయింట్ డబ్బా బోర్లేస్తే అంచు తొడలను కోసి
కాళ్లు తిమ్మిరెక్కినయ్.
చేప గుంజిన యాళకు నేను లేవలే,
డబ్బా లేచి దొర్లింది.
ప్లాస్టిక్ కుర్చీకి నాలుగు కాళ్లు,
బురదల నాలుగు తీర్ల దిగినయ్.
ఒరిగింది నేను,
ఒరిగింది బెండనుకొని
ఉత్త గాలాన్ని ఎన్నిసార్లు గుంజిన్నో.

దేవరకొండ పాతసామాన్ల దుకాణంల
ఖలీల్ భాయ్ ఇచ్చిండు ఆర్టీసీ బస్సు సీటు.
ఎనక 'స్త్రీలకు మాత్రమే' అని రాత.
అబ్బ, ఏం మెత్తన!
అది మెత్తన గాదు, మోసం.
పొద్దున లేచి చూస్తే
ఎర్రల డబ్బా ఉంది, ఫ్లాస్కు ఉంది,
కర్రతో సహా గాలాన్ని
కొర్రమీను ఎత్తుకపోయింది.
అప్పుడు తెలిసింది,
సుఖానికి గూడ ఒక కొలత ఉండాలె.
నిద్ర పట్టనియ్యకుండ, నొప్పి పుట్టనియ్యకుండ.

మా ఈదయ్య బావది వేరే కొలత.
మర్రిగూడ దిక్కు బోరు నీళ్లు తాగి పెరిగిన మోకాళ్లు.
వంగుమంటే వంగవు.
నడుము ఒకసారి వంగినంక లేవనంటది.
పెండ్లిల్ల బంతిల కూసోలే ఎన్నడు,
గోడకు ఆనుకొని ఇస్తారు చేతిల పట్టుకొని తింటడు.
గాలానికి రమ్మంటే
"నిలబడి పట్టే చేపలుంటే చెప్పు" అంటడు.

ఒకనాడు కట్ట రాయికి ఆనుకొని చెయ్యి చాపి చూపిండు.
"గీడికి. నువ్వు కూసునేదానికి ఒక్క జానెడు ఎక్కువ."

వెల్డింగ్ షాపుల రెండు మాపులు పట్టింది.
పాత మంచం పైపులు కోసిన.
పట్టీలకు సైకిల్ ట్యూబులు అల్లిన, సందు సందుకు గట్టిగ.
కాళ్ల కింద పెనాల లెక్క రేకు బిళ్లలు,
బురద మింగకుండ.
ఎడమ దిక్కు ఒక్క చెయ్యి పెట్టిన, లేసేటప్పుడు పట్టుకోను.

మొదటి రాత్రి.
బావ ఎనక్కి ఎనక్కి జరిగి
దాని మీద బరువు మోపిండు, సగం, ముప్పావు, మొత్తం.
చానసేపు మాట లేదు.
బెండు గూడ కదలలే.
చాయ పోసిచ్చిన.
నీళ్ల దిక్కే చూసుకుంట అన్నడు:
"గీ నీళ్లు నలబై ఏండ్ల ముందు మా ఊరికొస్తే
నీకు గీ ఇనుము ఖర్సు తప్పుతుండె గదరా."
నేనేమంట? చాయ తాగిన.

మూడు గంటలకు చిన్న జెల్ల పడ్డది.
కూసునే గుంజిండు.
ముల్లు గుచ్చుకుంటే కూసునే తిట్టిండు.

తెల్లారి గుడిసె మడిసినం.
మూటల అన్ని పట్టినయ్, కుర్చీ పట్టలే.
మడత పెట్టే కీలు పెట్టుడు మర్చిన.
"సర్కారు తుమ్మలల్ల దాపెట్టు, రేపొస్తం గద" అన్న.
వినలే.
ఎనక సీటు మీద కాళ్లు బారజాపి కూసొని
కుర్చీని బోర్లిచ్చి ఒడిల పెట్టుకున్నడు.
దాని నాలుగు కాళ్లు ఆకాశం దిక్కు.
తొవ్వల ఎదురొచ్చినోళ్లందరు నవ్విండ్రు.

నీళ్ల ఒడ్డున
నాలుగు గుండ్రటి అచ్చులు,
పెద్దగ లోతు లేవు.